మే డే అమరులు ఏ జెండా వాళ్లు?

సంపాదకుడు గారికి నమస్కారం.

మే డే రోజున మీ పత్రికలో షికాగో అమరుల మీద వేసిన వ్యాసం చదివాను. 1886 మే 3న మెక్‌కార్మిక్ ఫ్యాక్టరీ దగ్గర పోలీసు కాల్పులు, మర్నాడు హేమార్కెట్ సభలో బాంబు, మరుసటి ఏడాది నవంబరు 11న నలుగురికి ఉరి, అన్నీ తేదీలతో సహా సరిగ్గానే ఇచ్చారు. కార్మికుడి నెత్తుటిలో తడిసిన చొక్కాయే ఎర్రజెండా అయిందన్న కట్టుకథ ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. మీ వ్యాసకర్త ఆ జోలికి పోలేదు, సంతోషం. ఎర్రజెండా 1871 పారిస్ కమ్యూన్ నాటికే ఉంది.

కానీ ఒక్క సంగతి వ్యాసం మొత్తం మీద వెతికినా దొరకలేదు. ఉరికంబం ఎక్కిన ఆ నలుగురూ, అంటే పార్సన్స్, స్పైస్, ఫిషర్, ఎంగెల్, అనార్కిస్టులు. వాళ్లు దాచుకున్న విషయం కాదు ఇది, కోర్టులో నిలబడి చెప్పుకున్నారు. మన ఊళ్లో మే డే సభల్లోనూ ఇదే తంతు. జెండా ఎగరేస్తారు, జోహార్లు చెబుతారు, వాళ్ల రాజకీయం ఏమిటన్నది మాత్రం ఎత్తరు. ప్రభుత్వమూ వద్దు, దాన్ని పట్టుకునే పార్టీలూ వద్దు, ఫ్యాక్టరీని నడిపేది మనమే కాబట్టి మన సంఘాలతోనే నడుపుకుందాం అన్నవాళ్లు వాళ్లు. పార్టీ ఆఫీసు ముందు మైకు పట్టుకుని ఈ మాట చెప్పడం కొంచెం ఇబ్బందే, ఒప్పుకుంటాను.

నాకెందుకింత పట్టింపు అంటారా? నేను రిటైరైన కంపోజిటర్‌ని. గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సులో సీసం అక్షరాలు కూర్చి, అది మూతపడ్డాక డీటీపీ నేర్చుకుని, కళ్లు సహకరించినన్నాళ్లు అదే పని చేశాను. ఆ షికాగో వాళ్లలో పార్సన్స్ కంపోజిటర్, ఫిషర్ కంపోజిటర్. ఉరిశిక్ష యావజ్జీవంగా మారి, 1893లో గవర్నర్ ఆల్ట్‌గెల్డ్ క్షమాభిక్షతో బయటికొచ్చిన ష్వాబ్ బైండింగ్ పనివాడు. మా వాళ్లన్నమాట.

ఆ కేసులో సాక్ష్యంగా పెట్టిన కరపత్రం కథ ఏ ప్రెస్సువాడైనా చదివితే వదలలేడు. హేమార్కెట్ సభకు పిలుస్తూ ఫిషర్ ఒక కరపత్రం వేయించాడు. దాని అడుగున ఆయుధాలతో రండి అని ఒక లైను ఉంది. సభలో మాట్లాడాల్సిన స్పైస్ అది చూసి, ఈ లైను తీసేస్తేనే వస్తాను, లేకపోతే రాను అన్నాడు. ఫిషర్ ఒప్పుకున్నాడు, ప్రెస్సుకు కబురెళ్లింది, లైను తీసేశారు. తీసేయడం అని ఒక్క ముక్కలో అనేస్తాం. ఫారంలో, అంటే అచ్చుకు సిద్ధంగా చట్రంలో బిగించిన అక్షరాల్లో, ఒక లైను ఊడదీయాలంటే మిషన్ ఆపాలి, బిగింపు వదులు చేయాలి, ఆ లైను అక్షరాలు చెదరకుండా ఎత్తి పక్కన పెట్టాలి, ఖాళీ అయినచోట లెడ్లు (సందు నింపే సీసం బద్దలు) సర్ది మళ్లీ బిగించాలి, చెయ్యి పెట్టి ఊపి చూడాలి. ఈలోగా అచ్చయిపోయినవి అచ్చయిపోయినట్టే. మొత్తం 20 వేల ప్రతుల్లో ఆ లైనుతో బయటికి పోయినవి కొన్ని వందలే. ప్రాసిక్యూషన్‌కు అవి చాలాయి. బాంబు ఎవరు వేశారో ఈ రోజుకీ తేలలేదు, ఉరి మాత్రం వీళ్లకు పడింది.

ఈ అక్షరాల కేసుల (సీసం అక్షరాలు పెట్టుకునే అరల) ముందు నిలబడిన వాళ్లు అక్కడితో ఆగలేదు. స్పెయిన్ చూడండి. 1879లో మాడ్రిడ్‌లో సోషలిస్టు పార్టీ పెట్టిన పాబ్లో ఇగ్లేసియాస్ కంపోజిటర్. చిన్నప్పుడు అనాథాశ్రమంలో పని నేర్చుకున్నాడు, 1882లో మాడ్రిడ్ ప్రెస్సు కార్మికుల సమ్మె నడిపి జైలుకెళ్లాడు. 1888లో బార్సిలోనాలో పుట్టిన సోషలిస్టుల కార్మిక సమాఖ్య యూజీటీకి పెద్ద దిక్కు ఆయనే. ఇక అవతలి పక్షానికి, అనార్కిస్టులకు తాతలాంటివాడు అన్సెల్మో లోరెంజో. ఈయనా కంపోజిటరే. 1868లో రష్యా అనార్కిస్టు నాయకుడు బకూనిన్ పంపగా ఫనెల్లీ అనే ఇటలీ మనిషి మాడ్రిడ్ వచ్చి, స్పానిష్ రాక ఫ్రెంచిలోనూ ఇటాలియన్‌లోనూ మాట్లాడితే, ఆ గొంతూ ఆ కళ్లూ చూసి అర్థం చేసుకున్నామని లోరెంజో తర్వాత రాసుకున్నాడు. ఫ్రాన్సులో వీళ్లందరికన్నా ముందువాడు, అనార్కిస్టు ఆలోచనాపరుడు ప్రూధాన్ కూడా ప్రెస్సులో కూర్పు, ప్రూఫు పని చేసి పైకొచ్చినవాడే. దీనికి కారణం నాకు తెలిసినంతలో చాలా మామూలుది. ఊళ్లో అందరికన్నా ముందు మేం చదువుతాం. యజమాని కరపత్రమైనా, యూనియన్ కరపత్రమైనా, గుడి ఉత్సవాల ఆహ్వానమైనా మా వేళ్ల మధ్య నుంచే పోవాలి. ఒత్తు పడిందో లేదో చూస్తూ చూస్తూ అందులో ఉన్న విషయం కూడా బుర్రకెక్కుతుంది.

మరి ఒకే పనివాళ్లు రెండు దారులెందుకు పట్టారు? 1864లో లండన్‌లో పెట్టిన మొదటి ఇంటర్నేషనల్‌లో, అంటే దేశదేశాల కార్మికుల ఉమ్మడి సంఘంలో, మొదట్లో రెండు పక్షాలూ కలిసే ఉన్నాయి. 1872లో హేగ్ సభలో మార్క్స్ వర్గం బకూనిన్‌ను బయటికి పంపింది. అక్కడి నుంచి ఒకరు పార్టీ, ఎన్నికలు, చట్టం అన్నారు. ఇంకొకరు ఓటు మన పని కాదు, సమ్మే మన ఆయుధం అన్నారు. జర్మనీలో 1890లో సోషలిస్టుల మీద నిషేధం పోగానే కార్ల్ లెగీన్ నాయకత్వంలో యూనియన్లన్నీ ఒక కేంద్రం కింద చేరి, చందాలు, సమ్మె నిధి, జీతం తీసుకునే కార్యదర్శులు, అంతా ఆఫీసు పద్ధతిలో పెరిగాయి. స్పెయిన్‌లో యూజీటీదీ అదే బాణీ. ఈ పద్ధతిని వెక్కిరించేవాళ్లు ఉన్నారు గానీ, సమ్మె పదో రోజున ఇంట్లో బియ్యం ఎలా అన్నదానికి జవాబు ఆ నిధి దగ్గరే ఉండేది.

నేను ఎక్కువ చెప్పదలచుకున్నది ఫ్రాన్సు సంగతి, ఎందుకంటే మన విజయవాడకు పనికొచ్చేది అక్కడుంది. అక్కడ 1884 దాకా యూనియన్లకు చట్టబద్ధతే లేదు. వచ్చిన మూడేళ్లకే, 1887లో, పారిస్‌లో మొదటి బోర్స్ ద్యు త్రవాయ్ తెరిచారు. కార్మిక భవనం అనుకోండి. అన్ని యూనియన్లకూ కలిపి ఊరికొక్కటి. అందులో పనులు ఎక్కడున్నాయో రాసిపెట్టే రిజిస్టరు, లైబ్రరీ, రాత్రి బడి, సమ్మెలో ఉన్నవాళ్లకు సాయం. పని వెతుక్కుంటూ ఊళ్లు తిరిగేవాడికి దారిఖర్చు కూడా. ఊరూరా ఇవి పుట్టుకొచ్చాక 1892లో వాటికో సమాఖ్య ఏర్పడింది. ఫెర్నాన్ పెలూతియే అనే అనార్కిస్టు కుర్రవాడు దాని కార్యదర్శిగా క్షయతో బాధపడుతూనే రాత్రింబవళ్లు పనిచేసి 1901లో, ముప్పై నాలుగో ఏట పోయాడు. యూనియన్ల సమాఖ్య సీజీటీ 1895లో లిమోజ్‌లో విడిగా పుట్టింది, 1902లో రెండూ కలిసిపోయాయి. ఊరి భవనం ఒకవైపు, వృత్తి యూనియన్ ఇంకోవైపు, ప్రతి కార్మికుడూ రెండింటిలోనూ ఉంటాడు.

1906లో ఆ సీజీటీ ఆమియాన్ సభలో ఒక తీర్మానం చేసింది. బయట నువ్వు ఏ పార్టీలో ఉన్నా, ఏ నమ్మకంతో ఉన్నా నీ ఇష్టం. దాన్ని యూనియన్‌లోకి మాత్రం తేవద్దు. అనార్కిస్టులు, సోషలిస్టులు, మామూలు యూనియన్ మనుషులు కలిసి ఓటేసి నెగ్గించిన తీర్మానం అది.

ఇప్పుడు దీని పక్కన మన చరిత్ర పెట్టి చూడండి. 1920 అక్టోబరు 31న బొంబాయిలో లజపతిరాయ్ అధ్యక్షతన ఏఐటీయూసీ పుట్టినప్పుడు మనకూ అందరికీ ఒకటే గొడుగు. 1929లో నాగపూర్ సభలో చీలింది. 1947లో కాంగ్రెస్ వాళ్లు ఐఎన్‌టీయూసీ, 1948లో సోషలిస్టులు హెచ్‌ఎంఎస్, 1955లో బీఎంఎస్, కమ్యూనిస్టు పార్టీ చీలాక 1970లో సీఐటీయూ. పైన పార్టీ చీలితే కింద మిషన్ దగ్గర మనుషులు చీలాలి. ఆ చీలిక ఎందుకొచ్చిందో ఫారం బిగించేవాడికి తెలియకపోయినా సరే.

మా ప్రెస్సులోనూ రెండు యూనియన్లు ఉండేవి. పేర్లు అనవసరం, రెండూ ఎర్రవే. ఒకరిది కంపోజింగ్ సెక్షన్, ఇంకొకరిది మిషన్ సెక్షన్. బోనస్ దగ్గర ముందు ఎవరితో మాట్లాడితే చవగ్గా తేలుతుందో యజమానికి బాగా తెలుసు. ఆఫ్‌సెట్ వచ్చి సీసం పని ఎత్తేసినప్పుడు కంపోజింగ్ వాళ్లకు ఒక సెటిల్‌మెంటు, మిషన్ వాళ్లకు ఇంకొకటి. కేసులతో సహా అక్షరాలను తూకానికి అమ్మేశారు. ఇంత గొడవలో బైండింగులో కింద కూర్చుని అచ్చయిన కాగితాల ఫారాలు మడతపెట్టే ఆడవాళ్లున్నారే, వాళ్లు ఏ యూనియన్‌లోనూ లేరు. ఇన్ని ఫారాలకు ఇంత అని కూలి. మస్టర్‌లో పేర్లు లేవు కాబట్టి సెటిల్‌మెంటులోనూ లేవు. మడత అంచు నొక్కడానికి వాళ్ల దగ్గర వెదురు బద్ద ఉండేది, అరిగి నున్నగా అద్దంలా మెరిసేది. ఆ బద్దా, దాంతోపాటు సంచీలో టిఫిన్ డబ్బా పెట్టుకుని వెళ్లిపోయారు. మేం సెటిల్‌మెంటు కాగితం మీద సంతకాలు పెడుతున్నాం అప్పుడు.

అందుకే బార్సిలోనా సంగతి చదివినప్పుడు నాకు కడుపులో తిప్పినట్టయింది. 1910లో అక్కడ అనార్కిస్టులు సీఎన్‌టీ అనే సమాఖ్య పెట్టారు. ఏడాదికే నిషేధం పడింది, కొన్నాళ్లకు మళ్లీ లేచింది. 1918లో సాన్స్ సభలో ఒక నిర్ణయం చేశారు. ఇక కంపోజిటర్ల సంఘం, మిషన్‌మెన్ సంఘం అని విడివిడిగా వద్దు, ఒక పరిశ్రమలో పనిచేసే అందరికీ కలిపి ఒకటే యూనియన్. మరుసటి ఏడాదే దానికి పరీక్ష వచ్చింది. బార్సిలోనాకు కరెంటు ఇచ్చే కంపెనీని జనం లా కనడియెన్సే అనేవారు. 1919 ఫిబ్రవరిలో జీతాలు తగ్గించారని అడిగిన ఎనిమిది మంది గుమస్తాలను తీసేశారు. మన దగ్గరైతే ఆఫీసు స్టాఫ్ కోసం లైన్‌మన్ సమ్మె చేస్తాడా? అక్కడ చేశారు. బిల్లుల సెక్షన్ లేచింది, మీటరు రీడింగు తీసేవాళ్లు లేచారు, నెలాఖరులోగా కరెంటు ఆగింది, ట్రాములు ఆగాయి, మిల్లులు ఆగాయి. ప్రభుత్వం కార్మికులను మిలిటరీ కింద పనికి రమ్మంది, రానివాళ్లను వేల సంఖ్యలో మోంజుయిక్ కోటలో పెట్టింది.

మా ప్రెస్సువాళ్లు అక్కడేం చేశారో కూడా చెప్పాలి. సమ్మెకు చెరుపు చేసే వార్త, ప్రకటన ఏదీ కూర్చం, అచ్చు వేయం అన్నారు. ఎర్ర సెన్సార్ అని దానికి పేరు. పత్రికకు రాస్తున్న ఉత్తరంలో దీన్ని పొగడాలా అని ఆగాను. ప్రభుత్వ ఉత్తర్వు అచ్చు వేయకపోవడం ఒకటి, అవతలివాడి అభిప్రాయం తొక్కేయడం ఇంకొకటి. మొదటిదానికి నేను చేతులెత్తి దండం పెడతాను. రెండోది ఎవరు చేసినా నాకు నచ్చదు, మావాళ్లు చేసినా సరే.

44 రోజులు నడిచింది. మార్చి 19న బుల్ ఫైట్ జరిగే స్టేడియంలో వేలమంది సభ. రాజీకి ఒప్పుకోం అని జనం కేకలు. సల్వదోర్ సెగీ అనే ఇళ్లకు రంగులేసే పెయింటర్ లేచి, ఖైదీలు కావాలంటే ఇప్పుడే కోటకు పోయి తెచ్చుకుందాం పదండి, అంత సిద్ధమైతే సరే, లేకపోతే పనిలోకి పోదాం అన్న ధోరణిలో మాట్లాడి ఒప్పించాడు. సమ్మె ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవాళ్లు చాలామంది ఉంటారు, ఎక్కడ ఆపాలో తెలిసినవాడు ఈయన. మిలిటరీ అధికారి ఖైదీలందరినీ వదలకపోవడంతో మళ్లీ సమ్మె మొదలైనా, ఏప్రిల్ 3న ఎనిమిది గంటల పనిదినం మీద ప్రభుత్వ డిక్రీ వచ్చింది. ఫ్రాన్సులో ఇదే చట్టం వచ్చింది అదే నెల 23న. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఐఎల్ఓ మొదటి ఒడంబడిక ఆ ఏడాది చివరలో. వరుస చూశారా? మీ వ్యాసకర్త ఎనిమిది గంటల పని ఐఎల్ఓ ఇచ్చింది అని రాశారు కాబట్టి చెబుతున్నాను.

అంతా శోభాయమానంగా ముగిసిందనుకోకండి. యజమానులు లాకౌట్ చేశారు, కిరాయి తుపాకులు దిగాయి, ఇటువైపు వాళ్లూ తుపాకులు పట్టారు. సెగీని 1923 మార్చి 10న బార్సిలోనా వీధిలో కాల్చి చంపారు. ఆ సెప్టెంబరులో మిలిటరీ నియంత వచ్చాక సీఎన్‌టీ అజ్ఞాతంలోకి పోయింది. సోషలిస్టుల యూజీటీ మాత్రం ఆఫీసులు తెరుచుకునే ఉంది, దాని నాయకుడు లార్గో కబయ్యేరో నియంత ప్రభుత్వ సలహా మండలిలో కూర్చున్నాడు. సంఘాన్ని కాపాడుకోవడానికే అన్నారు. నిజమే కావచ్చు. అవతలివాడు జైల్లో ఉండగా నీ ఆఫీసు తెరిచి ఉండటాన్ని కార్మికులు మాత్రం మరిచిపోలేదు.

ఇదంతా మనకు ఎక్కడో దూరపు ముచ్చట అనుకునేవాళ్లకు రెండు మాటలు. మన వి.వి.గిరి గారు లా చదవడానికి 1913లో డబ్లిన్ వెళ్లారు. అక్కడి కార్మిక నాయకుడు జిమ్ లార్కిన్ యూనియన్ మీద యజమానులు నెలల తరబడి లాకౌట్ పెట్టిన ఏడాది అదే. 1916లో అక్కడి నుంచి ఇంటికి పంపేస్తే, వచ్చి రైల్వే కార్మికుల యూనియన్ కట్టారు, 1926లో ఏఐటీయూసీ అధ్యక్షులయ్యారు. 1922 చివర్లో బెర్లిన్‌లో అనార్కిస్టు యూనియన్లు తమ అంతర్జాతీయ సంఘం పెట్టుకున్న సభలో ఎం.పి.టి.ఆచార్య అనే మద్రాసు మనిషి కూర్చున్నాడు. రెండేళ్ల ముందు తాష్కెంట్‌లో కమ్యూనిస్టు పార్టీ పెట్టినవాళ్లలో కూడా ఆయన ఒకడు.

ఇక మన ఊరి సంగతి. 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజు పని పరిమితి 9 గంటల నుంచి 10 గంటలకు పెంచడానికి ఒప్పుకుంది. మూడు నెలల ఓవర్‌టైం పరిమితి 75 గంటల నుంచి 144కు పోయింది. జూలై 9న దేశమంతా సమ్మె జరిగింది. లెనిన్ సెంటర్‌లో అన్ని రంగుల జెండాలూ కలిసి నడవడం చూసి సంతోషపడ్డాను. మర్నాడు ఎవరి ఆఫీసు వాళ్లదే. ఆ ఆఫీసులకు నేను వెళ్తూనే ఉంటాను, నా చందా రసీదులు ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయి. మనుషులు మంచివాళ్లు, టీ ఇస్తారు. కానీ పొద్దున్నే సింగ్‌నగర్ పైపుల రోడ్డు దగ్గర తాపీ, సుత్తి పట్టుకుని మేస్త్రీ కోసం చూస్తూ నిలబడే అడ్డా కూలీ ఆ మెట్లెక్కడు. ఎక్కితే ముందు నువ్వు ఎవరి మనిషివి అంటారని భయం. ఫుడ్ డెలివరీ బండి కుర్రాడికైతే ఆ మెట్లు ఎక్కడున్నాయో కూడా తెలియదు.

వన్‌టౌన్‌లో, గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో బస్తాలు మోసే ముఠా కార్మికుల్ని చూడండి. వచ్చిన కూలి సాయంత్రం లెక్క చూసి పంచుకుంటారు, ఒకడు జ్వరంతో పడుకుంటే వాడి బస్తాలు మిగతావాళ్లు ఎత్తుతారు. వాళ్లు పెలూతియే పేరు వినలేదు, వినాల్సిన పనీ లేదు. ఆ పద్ధతి ఊరంతటికీ చేసి చూపించడమే ఫ్రాన్సు వాళ్లు చేసింది.

మన కార్మిక సమాఖ్యల నాయకులందరికీ మీ పత్రిక ద్వారా నేను అడిగేది ఒక్కటే. మీ మీ ఆఫీసులు మీకుండనివ్వండి. వాటితోపాటు అందరూ కలిసి ఏ జెండా లేని గది ఒకటి అడ్డాకు దగ్గరలో అద్దెకు తీసుకోండి. అందులో పని రిజిస్టరు, కూలి ఎగ్గొట్టిన మేస్త్రీల పేర్లు రాసే పుస్తకం, వారానికి రెండు సాయంత్రాలు ఒక లాయరు, కొత్త లేబర్ కోడ్‌ల తెలుగు ప్రతులు, ఒక వాటర్ క్యాన్. కార్పొరేషన్‌ను గది అడగొద్దు. పారిస్ వాళ్లు మునిసిపాలిటీ ఇచ్చిన భవనంలో కూర్చుంటే 1893లో ప్రభుత్వం సైన్యాన్ని పంపి తాళం వేయించింది. అద్దె మనమే కట్టుకోవాలి, నెలనెలా చిన్న చందాలతో, రసీదు ఇచ్చి.

కిందటి నెల ఈ మాట ఇద్దరు పెద్దల దగ్గర అన్నాను. ఒకాయన బోర్డు మీద ఎవరి పేరు ముందుంటుంది అని అడిగారు. అక్షరక్రమంలో పెట్టండి అన్నాను. ఆంగ్లంలోనా తెలుగులోనా అన్నారు ఇంకొకాయన. తెలుగులోనే పెట్టండి. బోర్డు కూర్పు నేను చేసిపెడతాను, కూలి అక్కర్లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కంపోజిటర్,
సత్యనారాయణపురం, విజయవాడ.